ఏటిగట్టున టెంటు వేసే ముందు

ప్రతి అక్టోబరులోనూ మా వాట్సాప్ గ్రూపులో ఒక చిన్న యుద్ధం జరుగుతుంది. టెక్సాస్ స్టేట్ పార్కుల్లో రాత్రి బసకి అయిదు నెలల ముందు నుంచే బుకింగ్ ఇస్తారు. మార్చిలో పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కి చోటు కావాలంటే అక్టోబరులోనే మేలుకోవాలి. డాలస్ చుట్టుపక్కల ఉండే ఏడెనిమిది తెలుగు కుటుంబాలం. సగానికి పైగా టెంట్లవాళ్ళం, ఇద్దరికి సొంత ఆర్వీలున్నాయి, అంటే లోపలే పడక, వంట అన్నీ ఉండే ఇల్లులాంటి బళ్ళు, ఒకాయన ప్రతిసారీ అద్దెకి తెస్తాడు. ఎక్కడికి అన్నదాని మీద పెద్ద తగువుండదు. ఫ్రియో నది ఒడ్డున గార్నర్ పార్కో, గ్వాడలూపె ఒడ్డున ఇంకోటో దాదాపు ఖాయం. తగువంతా సైట్ నంబరు దగ్గరే. ఎవరో ఒకరు మ్యాపు స్క్రీన్‌షాట్ పెట్టి, నీలం గీతని ఆనుకున్న సైట్ల చుట్టూ ఎర్ర సున్నాలు చుడతారు. "ఇవి దొరికితే చాలు గురూ, జిప్పు తీసి కాళ్ళు చాపితే నీళ్ళే!"

నేను అదే మ్యాపులో వెనక వరస చూపిస్తాను. రోడ్డుకి అవతల, కాస్త ఎత్తు మీద, బాత్రూములకి దగ్గరగా, నది అసలు కనపడని సైట్లు. నవ్వే బొమ్మలు వరసగా వచ్చి పడతాయి. "గోదారోడివి, నీకు నీళ్ళంటే భయమేంటి బాబూ?"

గోదారోణ్ణి కాబట్టేనండీ.

మాది కోనసీమలో ఒక లంక. మా ఇంటి వీధి అరుగు నడుం ఎత్తుంటుంది. అంత ఎత్తు అరుగు దర్పానికి కట్టింది కాదు. దాని మీద టేకు స్తంభానికి కత్తితో గీసిన గాట్లున్నాయి. అన్నిటికన్నా పైది 86 ఆగస్టుది. ఆ ఏడు భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులు వచ్చింది. అరుగు మీద నిలబడితే ఆ గాటు ఇప్పుడు నా భుజం దగ్గరకి వస్తుంది. చిన్నప్పుడు దాన్ని అందుకోడానికి ఎగిరేవాణ్ణి. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు మా నాన్న ఇంకో గాటు పెట్టారు. ఫోన్లో ఆయన చెప్పింది అదొక్కటే: "86 దాటలేదురా."

లంకలో పెరిగినవాడికి ఒక సంగతి ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. వేసవిలో గోదారి పాయ సన్నగా, ఇసక మేటల మధ్య దారం పోగులా పారుతుంది. అంతమాత్రాన గోదారి అంటే ఆ పోగే అని ఎవరూ అనుకోరు. గోదారంటే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. మధ్యలో ఉన్న ఇసక, కూరపాదులు, రెల్లు దుబ్బులు, మేమూ, మా గేదెలూ, అందరం దాని చోట్లోనే ఉన్నాం. అది రానంతసేపు వాడుకుంటాం. వచ్చేటప్పుడు లేచి గట్టెక్కుతాం. అమెరికా వచ్చాక నదిని మొదటిసారి మ్యాపులో ఒక నీలం గీతగా చూశాను. ఆ గీత పక్కనే చిన్న త్రికోణం బొమ్మ, కింద "టెంట్ సైట్ 14". నదికి వెడల్పే లేనట్టు గీశారు. క్యాంప్‌గ్రౌండ్ ఎంచుకోవడంలో మనవాళ్ళు చేసే తప్పంతా ఆ గీతని నమ్మడంలోనే ఉందని నా వాదన.

గోదారికీ టెక్సాస్ ఏళ్ళకీ పోలిక లేదని నాకూ తెలుసు. గోదారి పెద్దమనిషి తరహా. చెప్పి వస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీళ్ళు మా లంకల దాకా దిగేసరికి సామాను అటకెక్కించి, గేదెల్ని గట్టుకి తోలి, వంట కూడా ముగించుకోవచ్చు. అంతకుముందే రంగు చెప్పేస్తుంది. ఆషాఢంలో ఒక పొద్దున్న రేవులోకి దిగినవాడు "ఎర్రనీరు తగిలిందొరే" అని కేకేస్తాడు. అంటే ఎగువన ఎక్కడో వానలు పడ్డాయని.

టెక్సాస్ హిల్ కంట్రీలో ఏళ్ళకి ఆ మర్యాద లేదు. ఆస్టిన్‌కీ శాన్ ఆంటోనియోకీ పడమరగా ఉన్న ఆ గుట్టల నేలకి వాతావరణం వాళ్ళు పెట్టిన పేరే ఫ్లాష్ ఫ్లడ్ ఆలీ, మెరుపు వరదల సందు. అడుగున సున్నపురాయి, పైన జానెడు మట్టి. గల్ఫ్ నుంచి వచ్చిన తేమ గాలి ఆ గుట్టల దగ్గర ఆగి కుమ్మరిస్తే, నేల తాగదు. పళ్ళెంలో పోసినట్టు అన్ని వైపుల నుంచీ జారి ఇరుకైన లోయలోకి చేరుతుంది. 2025 జులై 4 తెల్లవారుజామున హంట్ అనే ఊరి దగ్గర గ్వాడలూపె 45 నిమిషాల్లో 26 అడుగులు లేచింది. మీరు పడుకున్న టెంటు నీళ్ళకి పదిహేను అడుగుల ఎత్తున ఉందనుకోండి, అంటే ఒకటిన్నర అంతస్తు మేడంత, మీకు అరగంట కూడా లేదన్నమాట. అందులో నిద్ర లేవడానికి ఎంత, పిల్లల్ని లేపడానికి ఎంత, చెప్పులు వెతుక్కోడానికి ఎంత? ఆ వరదల్లో రాష్ట్రం మొత్తం మీద పోయింది 130 మందికి పైగా. ఆడపిల్లల వేసవి క్యాంపొకటి, నది ఒడ్డు ఆర్వీ పార్కులు, అద్దె కుటీరాలు. జులై 4 సెలవు కదా, అన్నీ నిండి ఉన్నాయి.

ఇక నా సంగతి. ఇంత తెలిసిన లంకవాణ్ణి, నేనూ ఒకసారి నీలం గీతనే నమ్మాను.

ఆ 2025 వరదకి చాలా ఏళ్ళ ముందు మాట. అప్పటికి మా పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నవాడికి మూడు. అదే హిల్ కంట్రీలో ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండు. పేరెందుకు లెండి. రివర్‌ఫ్రంట్ సైట్‌కి రాత్రికి ఇరవై డాలర్లు ఎక్కువ. సంతోషంగా కట్టాను. చక్కటి చదును నేల, మెత్తటి పచ్చిక, పెకాన్ చెట్టు నీడ, పది అడుగుల దూరంలో అడుగున గులకరాళ్ళు కనపడేంత తేట నీళ్ళు. సాయంత్రం లాంతరు తగిలించడానికి పెకాన్ చెట్టు పంగ ఒకటి చూసుకున్నాను. నేను చెయ్యెత్తితే సరిగ్గా అందే ఎత్తు. ఆ పంగలో ఎండు గడ్డి, పుల్లలు, ఒక నీలం ప్లాస్టిక్ తాడు ముక్కా చిక్కుకుని ఉన్నాయి. పిట్టగూడేమో అనుకుని పక్కకి నెట్టి లాంతరు తగిలించాను. ఆ దీపం కింద మా ఆవిడ తెచ్చిన పులిహోర తిన్నాం. ఎంత బావుందో అనుకున్నాం.

మా నెత్తిన చుక్క వాన పడలేదు. దూరంగా, ఎగువన, ఆకాశంలో చప్పుడు లేని మెరుపులు మాత్రం వస్తున్నాయి. పిల్లలు వాటిని లెక్కపెడుతూ నిద్రపోయారు.

రెండున్నర, మూడు మధ్యలో మెలకువ వచ్చింది. ఎందుకు వచ్చిందో కాసేపటిదాకా తెలియలేదు. పడుకునేటప్పుడు రాళ్ళ మీద గలగలమన్న ఏరు ఇప్పుడు అలా లేదు. ఆ గలగల ఆగిపోయింది. దాని బదులు నేలలోంచి, పరుపు కింద నుంచి, ఒక మూలుగు వస్తోంది. మధ్యమధ్యలో టక్, టక్ అని. నీళ్ళ కింద బండరాళ్ళు దొర్లి ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడది. నేను లేచి కూర్చుంటుండగానే ఎవరో కారు హారన్ పొడుగ్గా కొట్టారు. జిప్పు తీసి టార్చి వేస్తే గుమ్మంలో మా చిన్నవాడి చెప్పు ఒకటి నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతోంది, తేలుతూ. నీళ్ళు కాఫీ రంగులో ఉన్నాయి. ఎర్రనీరు!

పిల్లల్ని దుప్పట్లతో సహా చెరొకర్నీ ఎత్తుకుని కారులో పడేశాం. టెంటు వదిలేశాం. పైకి పోదామని గేటు వైపు తిప్పితే, పొద్దున్న పిల్లలు కేరింతలు కొట్టగా చక్రాలు తడుపుకుంటూ దాటొచ్చిన కల్వర్టు మీద నీళ్ళు తెల్లగా నురగలు కక్కుతున్నాయి. లోపలికి రావడానికీ బయటికి పోవడానికీ అదొక్కటే దారి. ఆఫీసు నంబరుకి ఫోను చేస్తే మోగింది మోగినట్టే ఉంది. పంపు షెడ్డు పక్కన కాస్త మెరక కనపడితే అక్కడ తెల్లారేదాకా కార్లో కూర్చున్నాం. మాతో పాటు ఇంకో పదిహేను కార్లు. హారన్ కొట్టి అందర్నీ లేపింది పక్క సైట్ ఆర్వీ పెద్దాయన. ఆయన దగ్గర వాతావరణ హెచ్చరికల రేడియో ఉంది. క్యాంప్‌గ్రౌండ్ వాళ్ళు ఎవర్నీ లేపలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు, అది అదృష్టం. నీళ్ళు తెల్లారేసరికి తీశాయి. కుర్చీలు, కూలరు, స్టవ్వు పోయాయి. టెంటు పెకాన్ చెట్టుకి చుట్టుకుని ఉంది. లాంతరు ఇంకా ఆ పంగలోనే వేలాడుతోంది. పక్కకి నెట్టిన పాత గడ్డి మీద కొత్త గడ్డి, పుల్లలు, మా పిల్ల రిబ్బను చేరాయి. అప్పుడు అర్థమైంది అది పిట్టగూడు కాదని. మా ఇంటి స్తంభం మీద గాటు లాంటిదే. ఏరు తను ఎక్కడిదాకా వచ్చిందో చెట్టు మీద రాసిపెట్టి పోయింది, నేను దాన్ని తోసేసి దీపం పెట్టుకున్నాను.

ఇప్పుడు ఏ క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్ళినా కారు దిగ్గానే నేను చూసేది చెట్ల పంగలు. కొమ్మల్లో చిక్కిన ఎండు గడ్డి, ముళ్ళకంచెకి ఒకే వైపు అతుక్కున్న చెత్త, మానుకి ఎగువ వైపు చెక్కుకుపోయిన బెరడు, దిగువకి వంగి పెరిగిన తుమ్మలో సైప్రస్ మొక్కలో. టెంటు వేసే చోట మట్టి మెత్తగా, సన్నగా, పిండిలా ఉంటే అది ఒండ్రు. ఎవరు తెచ్చి పోశారు మరి? ఇదంతా చూడ్డానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ మా ఆవిడ కార్లోంచి దిగదు. అది మా ఒప్పందం.

నది పక్కన చదును నేల చదునుగా ఎందుకుంది? గుట్టల ప్రాంతంలో ఎవరూ బుల్‌డోజర్ పెట్టి చేయకుండానే నాలుగు ఎకరాలు పీటలా పరిచినట్టు ఎలా ఉంది? ఏరే పరిచింది. వచ్చినప్పుడల్లా కాస్త ఒండ్రు పోసి, కాస్త కోసి, సమం చేసింది. ఆర్వీకి చదును కావాలి, లేకపోతే చక్రాల కింద చెక్కలు పెట్టుకుంటూ చావాలి. కాబట్టి క్యాంప్‌గ్రౌండ్ పెట్టేవాడికి ఆ నేల బంగారం. పైగా వరద మ్యాపులో ఉన్న నేల మీద ఇళ్ళు కట్టాలంటే సవాలక్ష నిబంధనలు, బీమా. ఇళ్ళకి పనికిరాని నేల చవగ్గా వస్తుంది. చక్రాల మీద వచ్చి పోయేవాళ్ళకి అద్దెకివ్వడానికి అదే బాగా పనికొస్తుంది. తన ఇల్లు మాత్రం పైన గుట్ట మీద కట్టుకుంటాడు. నమ్మకపోతే ఈసారి వెళ్ళినప్పుడు యజమాని ఇల్లెక్కడుందో చూడండి. నేను చూసినంతలో ఒక్కటీ రివర్‌ఫ్రంట్‌లో లేదు.

ప్రభుత్వానివైతే జాగ్రత్తగా పెడతారనుకోవడానికీ లేదు. డాలస్ నుంచి నాలుగు గంటల దూరంలో, ఆర్కన్సా రాష్ట్రంలో వాషిటా నేషనల్ ఫారెస్ట్ ఉంది. దాంట్లో ఆల్బర్ట్ పైక్ అని లిటిల్ మిసూరి నది ఒడ్డున ఒక క్యాంప్‌గ్రౌండు. అడవి శాఖదే. 2010 జూన్ 11 తెల్లవారుజామున ఆ చిన్న ఏరు మూడడుగుల నుంచి ఇరవై మూడు దాటింది. టెంట్లలో, ఆర్వీల్లో పడుకున్నవాళ్ళు 20 మంది పోయారు, పిల్లలతో సహా. ఆ లోయలో సెల్‌ఫోను సరిగా పలకదు. ఆ తర్వాత అక్కడ రాత్రి బస నిలిపేశారు. స్పెయిన్‌లో పిరనీస్ కొండల కింద బియెస్కాస్ దగ్గర 1996 ఆగస్టులో పోయింది 87 మంది. అక్కడ క్యాంపు పెట్టింది ఒక కొండవాగు రాళ్ళు దొర్లించి పోసిన విసనకర్ర లాంటి మేట మీద. వాగు ఎప్పటి నుంచో వాడుకుంటున్న చోటది.

మనమేమీ తక్కువ తినలేదు. 2024 సెప్టెంబరులో బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు అందరూ బుడమేరు మన మీదికి వచ్చిందన్నారు. బుడమేరుని అడిగితే ఇంకోలా చెప్పేది.

మా గ్రూపులో ఒక బావ ఉన్నాడు, సొంత బావ కాదు, అందరికీ బావే. ఆయన వాదన గట్టిది, దాన్ని తీసిపారేయలేను. "వందేళ్ళ వరద అంటారు కదా, నేను వెళ్ళేది ఏడాదికి మూడు రాత్రులు. ఆ మూడింట్లోనే రావాలా?" లెక్క ప్రకారం ఆయనదే రైటు. వందేళ్ళ వరద అంటే ఏ ఏడాదికైనా ఒక శాతం అవకాశమని. ముప్ఫై ఏళ్ళ ఇంటి అప్పు తీరేలోపు అది ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. ఇంటివాడికి అది పెద్ద సంఖ్య. మూడు రాత్రులవాడికి దాదాపు సున్నా.

కానీ ఆ మూడు రాత్రులూ ఏవి? మన సెలవులు చూసుకుంటే మే నెలాఖరు మెమోరియల్ డే, జులై 4, పిల్లల బడికి ఫాల్ బ్రేక్ ఇస్తే అక్టోబరు. హిల్ కంట్రీలో వానలు ఎక్కువగా కురిసేది మే, జూన్‌లో, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరులో. 2015లో వింబర్లీ ఊరి దగ్గర బ్లాంకో నది 40 అడుగులు దాటి ఇళ్ళకి ఇళ్ళనే ఎత్తుకుపోయింది మెమోరియల్ డే వారాంతంలోనే. బావ ఏడాదిలో ఏదో మూడు రాత్రులు చీటీ తీసి వెళ్ళడం లేదు. వరదల కాలంలో, క్యాంప్‌గ్రౌండ్ కిటకిటలాడే రాత్రుల్నే ఏరుకుని వెళుతున్నాడు. పైగా వెనక వరస సైట్‌కి ఆయన పోగొట్టుకునేదేమిటి? రాత్రి నిద్రలో నది కనపడదు. అంతే కదా.

ఆర్వీలవాళ్ళతో నాకు ఇంకో పేచీ ఉంది. గోడలున్నాయి, చక్రాలున్నాయి, కాబట్టి టెంటు కన్నా భద్రం అనుకుంటారు. నాకు తలకిందులుగా కనపడుతుంది. టెంటువాడు రెండు నిమిషాల్లో పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తుతాడు. టెంటు పోతే మూడొందల డాలర్లు. ఆర్వీవాడు కరెంటు తీగ పీకాలి, నీళ్ళ పైపు విప్పాలి, మురుగు గొట్టం విప్పాలి, పక్కకి లాగిన గదుల్ని లోపలికి జరపాలి, జాకీలు ఎత్తాలి. ట్రైలరైతే ట్రక్కుకి తగిలించాలి. పట్టపగలు, పొడి నేల మీద, చేతులు తిరిగినవాడికి ఇరవై నిమిషాలు. ఆ రాత్రి నేను చూశాను: మమ్మల్నందర్నీ లేపిన ఆ పెద్దాయనే మోకాలి లోతు నీళ్ళలో వంగుని గొట్టం పీకుతున్నాడు. వదిలేసి రమ్మని ఆయన భార్య మెరక మీద నుంచి అరుస్తోంది. ఎనభై వేల డాలర్ల బండిని ఎవడు వదుల్తాడు? వదలాలని తెలిసినా చేతులు ఒప్పుకోవు. పైగా ఆ డబ్బా లోపల గాలే, నీళ్ళు నడుం దాకా వస్తే పడవే, చుక్కాని లేని పడవ. రెండడుగుల పారే నీళ్ళు మామూలు కార్లని చాలావరకు తేల్చేస్తాయని వాతావరణ శాఖే చెబుతుంది. కాబట్టి ఆర్వీలు పైన, టెంట్లు కింద ఉండాలి. హుకప్‌లు, అంటే కరెంటు, నీళ్ళ కనెక్షన్లు, ఉన్న చదును నేలంతా ఏటి పక్కనే ఉంటుంది కాబట్టి చాలా చోట్ల సరిగ్గా దానికి ఉల్టా ఉంటుంది.

ముప్ఫై ఆంపులా యాభై ఆంపులా, డంప్ స్టేషన్ ఉందా, జనరేటర్ రాత్రి ఎన్నింటికి ఆపాలి, ఇవన్నీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. వాటి గురించి నేను రాసేదేం లేదు. ఏటి పక్కన తెల్లవారుజామున చల్లగాలి పల్లానికి దిగి టెంటు లోపలంతా మంచు కారుతుందని, నాలుగడుగులు పైకి వేస్తే పొడిగా నిద్రపోవచ్చని మాత్రం చెబుతాను. ఇది వరదలంటే భయం లేనివాళ్ళ కోసం.

వెబ్‌సైట్‌లో లేనివి ఫోన్ చేసి అడగాలి. నేను అడిగేది మొదట దారి గురించి. బయటికి పోవడానికి ఎన్ని దారులు, ఏదైనా దారి లో-వాటర్ క్రాసింగ్, అంటే ఏరు కాస్త పొంగితే మునిగిపోయే రోడ్డు, దాటుతుందా అని. 1987 జులైలో ఇదే గ్వాడలూపె పొంగినప్పుడు కంఫర్ట్ అనే ఊరి దగ్గర ఒక చర్చి క్యాంపు పిల్లల్ని బస్సులో బయటికి తీసుకుపోతుంటే బస్సు నీళ్ళలో చిక్కుకుంది. పదిమంది పిల్లలు పోయారు. వాళ్ళు ఖాళీ చేసి పోతున్నవాళ్ళే. దారి నీళ్ళలోంచి పోతే ఖాళీ చేయడం కూడా ప్రమాదమే. అలాంటి చోట కారు వదిలేసి కాలినడకన ఎక్కడానికి గుట్ట ఉండాలి. కొలరాడోలో బిగ్ థాంప్సన్ లోయలో 1976 జులై 31 రాత్రి 144 మంది పోయాక అక్కడి రోడ్డు పక్కన బోర్డులు పెట్టారు: వరద వస్తే పైకెక్కు అని. కార్లో లోయ దిగువకి పారిపోకు, నీళ్ళు నీకన్నా జోరుగా వస్తాయి అని దానర్థం.

రెండోది, రాత్రి మమ్మల్ని ఎవరు లేపుతారు? ఈ ప్రశ్నకి చాలామంది తడుముకుంటారు. "ఫోన్‌కి అలర్ట్ వస్తుంది కదా సార్" అంటారు. 2025లో హంట్ ఊరున్న కెర్ కౌంటీకి మొదటి వరద హెచ్చరిక అర్ధరాత్రి దాటాక 1:14కే వెళ్ళింది. సిగ్నల్ లేని లోయలో, ఫోను సైలెంట్లో పెట్టి పడుకున్నవాడికి దాంతో ఏం ఒరిగింది? అప్పటికి ఆ కౌంటీలో నది వెంట సైరన్లు లేవు. దిగువన ఉన్న కంఫర్ట్‌లో, అదే 87 నాటి కంఫర్ట్‌లో, ఆ రోజు సైరన్ మోగింది. జనం లేచి పైకి పోయారు. పెడర్నాలెస్ ఫాల్స్ స్టేట్ పార్కులో కూడా సైరన్ ఉంది. అది విని నేను అక్కడికి మూడుసార్లు వెళ్ళాను. జలపాతం కోసం వెళ్ళాడనుకుంటారు అందరూ. సైరన్ లేని చోటికైతే వాతావరణ రేడియో తీసుకెళతాను. హెచ్చరిక రాగానే దానంతట అదే అరిచే రకం. ఆ హారన్ పెద్దాయన దగ్గర నేర్చుకున్న విద్య.

మూడోది మన తెలుగువాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎగువన డ్యామ్ ఉందా? 2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్‌లో బియాస్ నదిలో రాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, వాళ్ళతో వచ్చిన టూర్ మనిషి ఒకరు, లార్జీ డ్యామ్ గేట్లు ఎత్తడంతో కొట్టుకుపోయారు. వాన లేదు, మబ్బు లేదు. ఎంతమంది టీవీ ముందు కూర్చుని ఆ వీడియో చూసి ఉంటారు. అయినా డ్యామ్ దిగువన క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేసేటప్పుడు గేట్లు ఎప్పుడు ఎత్తుతారని అడిగినవాణ్ణి మా గ్రూపులో నేను చూడలేదు. అడిగితే చెబుతారు, పెద్ద రహస్యమేం కాదు.

"ఇన్ని భయాలుంటే అసలు ఏటికి పోవడం దేనికి, ఇంట్లో కూర్చో" అని బావ ఒకసారి విసుక్కున్నాడు. పోకుండా ఎలా? ఫ్రియో అంటే స్పానిష్‌లో చల్లన. జూన్ ఎండలో సైప్రస్ చెట్ల నీడన ఆ నీళ్ళలో ట్యూబు మీద పడుకుని గాలికి కొట్టుకుపోతుంటే, లంకలో ఈతకి పోయి నాన్న చేత తిట్లు తిన్న రోజులు గుర్తొస్తాయి. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఏట్లోనే ఉంటాం. కుర్చీలు నీళ్ళలోనే వేసుకుని ఉప్మా తింటాం. నేనన్నది పడక గురించి. ఆల్బర్ట్ పైక్‌లోనూ గ్వాడలూపెలోనూ జనం పోయింది ఈత కొడుతూ కాదు, చీకట్లో, నిద్రలోంచి లేచి. కళ్ళు తెరిచి ఉన్నంతసేపు ఏటి పక్కన ఉండడానికి నాకేం అభ్యంతరం లేదు. మా లంకవాళ్ళూ అంతే. పాదులు ఇసకలో, పడక అరుగు మీద.

మొన్న స్ప్రింగ్ బ్రేక్‌కి వెనక వరసలోనే దొరికింది. ఎర్ర సున్నాల సైట్లు వేరేవాళ్ళు ఎగరేసుకుపోయారు కాబట్టి ఈసారి గ్రూపంతా నాతోనే. మా చిన్నవాడు టెంటు దగ్గర నుంచి నీళ్ళ దాకా అడుగులు లెక్కపెట్టాడు, రెండొందల పన్నెండు. పెద్దది, ఇప్పుడు హైస్కూలు, దారిలో ఒక పెకాన్ చెట్టు పంగలో గడ్డి చూపించి చెయ్యెత్తింది. అందలేదు. నేనెత్తినా అందలేదు.

సాయంత్రం నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ పొద్దున్న, వీధి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు, వెనక స్తంభం కనపడుతోంది. ఏరు చూపించరా అంటే ఫోను తిప్పాను.

"తేటగానే ఉందే. ఎగువన వానలేమన్నా ఉన్నాయా?"

"లేవు నాన్నా. చూశాను."

"మీ డేరా ఏదీ?"

రోడ్డు దాటి, మెరకెక్కి, టెంట్లు చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని తెరకి దగ్గరగా వచ్చారు.

"ఇంకా పైన చోటు లేదా?"